ఆ డబ్బు ఎన్ని పూతల వరకు వస్తుంది? తేనెటీగలతో పంటరక్షణ చేసే చిన్న కంపెనీలో మా పెట్టుబడి: ఒక కేస్ స్టడీ

2023 అక్టోబర్ ఆఖర్లో ఒక సాయంత్రం అనంతపురం పాతూరులోని మా ఆఫీసుకు నలుగురు వచ్చారు. ఇద్దరు నా పాత క్లయింట్లు. ఒకరు పురుగుమందుల అంగడి నడిపే అన్న, ఇంకొకరు చీనీ (బత్తాయి) మండీలో కమిషన్ వ్యాపారం చేసే పెద్దాయన. మిగతా ఇద్దరు పాతికేళ్ల కుర్రాళ్లు. వాళ్లలో ఒకబ్బాయి వ్యవసాయ ఎమ్మెస్సీ, ఇంకొకబ్బాయి మెకానికల్ ఇంజినీరు. వాళ్లు నా టేబుల్ మీద జానెడు పొడవున్న చెక్కపెట్టె ఒకటి పెట్టారు.

ఆ పెట్టెను తేనెపెట్టె ద్వారం దగ్గర బిగిస్తారు. లోపల రెండు దారులుంటాయి. బయటికి పోయే ఈగ ట్రేలో పలచగా పరిచిన పొడి మీద నడిచి పోవాలి. తిరిగొచ్చే ఈగకు పైన వేరే దారి ఉంది కాబట్టి అది పొడిని లోపలికి మోసుకుపోదు. ఆ పొడిలో ట్రైకోడెర్మా ఉంటుంది, తెగులు శిలీంధ్రాలను అణిచే మేలు శిలీంధ్రం. ఈగ పువ్వు మీద వాలితే కాళ్లకు, నూగుకు అంటిన పొడి పువ్వు మీద పడుతుంది. స్ప్రేయర్ లేకుండా, నీళ్లు లేకుండా మందు సరిగ్గా పువ్వుకే చేరుతుంది.

వాళ్లు అడిగింది 40 లక్షలు, 10 శాతం వాటాకు.

నేను ఆడిటర్‌ని. మా ఊళ్లో నలుగురం కలిసి చిన్న చిన్న మొత్తాలు పెట్టే గుంపు ఒకటి ఉంది. నేను, అంగడి అన్న, మండీ పెద్దాయన, డ్రిప్ పరికరాల డీలర్ ఒకాయన. డబ్బు పెట్టే కంపెనీకి నేను ఆడిటర్‌గా ఉండనని మొదటి రోజే చెప్పేస్తాను, ఇక్కడా అదే చెప్పాను. ఆ కుర్రాళ్ల అనుమతితో, పేర్లు లేకుండా, మేం ఏం చూశాం, ఎక్కడ తప్పుగా అనుకున్నాం, ఏం చేశాం అన్నది రాస్తున్నాను.

కెనడా నుంచి వచ్చిన ఆశ

పెద్దాయన కొడుకు కెనడాలో ఉంటాడు. అక్కడ బీ వెక్టరింగ్ టెక్నాలజీస్ అనే చిన్న లిస్టెడ్ కంపెనీ ఉందని, ఇదే పని చేస్తోందని నాన్నకు చెప్పాడు. ఆ మాట నిజమే. ఒంటారియో శాస్త్రవేత్తలు స్ట్రాబెరీ పూలకు తేనెటీగలతో మేలు శిలీంధ్రాన్ని చేర్చి బూజు తెగులును అణచవచ్చని 1992లోనే ప్రచురించారు. క్లోనోస్టాకిస్ రోజియా అనే శిలీంధ్రపు సీఆర్-7 రకానికి అమెరికా పర్యావరణ సంస్థ 2019 ఆగస్టులో అనుమతి ఇచ్చింది. తేనెటీగలతో చేర్చే పంటరక్షణ మందుకు అక్కడ దొరికిన మొదటి అనుమతి అదే. ఫిన్లాండ్‌లో కూడా స్ట్రాబెరీ తోటల్లో తేనెటీగలతోనే ఇలాంటి పొడి వాడుతున్నారు.

అక్కడ ఈ పని ఎందుకు నిలబడిందో ఆ కుర్రాళ్లతో కూర్చుని విడదీసి చూశాం. స్ట్రాబెరీ ఖరీదైన పంట. బూజు తెగులు పువ్వు ద్వారానే కాయలోకి దిగుతుంది, కాబట్టి పువ్వుకు మందు చేరితే పని అయినట్టే. శిలీంధ్రపు రకం కంపెనీ సొంతం. వాడే ఈగల్లో ఎక్కువగా బంబుల్ ఈగలు (తేనెటీగకు దగ్గరి జాతి), వాటిని పెట్టెల్లో పెంచి అమ్మే వ్యాపారం అక్కడ ముందునుంచే ఉంది. మన దగ్గర బంబుల్ ఈగ చల్లటి కొండప్రాంతాల జీవి, కర్నూలు ఎండలో దాని ఊసే లేదు. మనకున్నవి పుట్టతేనెటీగ, ఇటాలియన్ తేనెటీగ. పొడి ఈ కుర్రాళ్లది కాదు, బయట కొన్నది. వాళ్ల సొంతమంటూ ఉన్నది ఆ ట్రే డిజైన్, ఇద్దరి కష్టం.

కెనడా షేర్లే నేరుగా కొంటే పోదా అని డ్రిప్ డీలర్ అడిగారు. కొనొచ్చు, ఏడాదికి మనిషికి రెండున్నర లక్షల డాలర్ల దాకా బయటికి పంపడానికి రిజర్వ్ బ్యాంక్ వీలిస్తుంది. కానీ అమ్మకాలు సరిగ్గా మొదలుకాని చిన్న లిస్టెడ్ కంపెనీ మళ్లీ మళ్లీ కొత్త షేర్లు అమ్మి బతకాలి, ప్రతిసారీ పాతవాళ్ల వాటా పలచబడుతుంది. పైగా అక్కడి చేలో ఏం జరుగుతోందో మనం పోయి చూడలేం. ఈ కుర్రాళ్లు పనిచేసే కర్నూలు జిల్లా కోడుమూరు అయితే బస్సెక్కి పోవచ్చు.

పేరు ఒకటే, రోగం వేరు

వాళ్లు మొదట ఎంచుకున్న పంట పొద్దుతిరుగుడు. వాళ్ల ప్రజెంటేషన్‌లో నన్ను బాగా ఆకట్టుకున్న పేజీ దాని తల కుళ్లు గురించి, అంటే పువ్వు తలే కుళ్లిపోయే తెగులు. అర్జెంటీనాలో తేనెటీగలతో ట్రైకోడెర్మా చేర్చి తల కుళ్లును తగ్గించారని, ఆ పరిశోధన 2002లో వచ్చిందని రాశారు. ఆ పరిశోధన ఉన్నదే. నేను దాన్ని చూసి సగం ఒప్పుకున్నట్టే అయ్యాను.

పదవీ విరమణ చేసిన తెగుళ్ల శాస్త్రవేత్త ఒకాయనకు ఆ పేజీ చూపించాం. ఆయన చదివి కళ్లద్దాలు తీసి, "అర్జెంటీనా తల కుళ్లు స్క్లెరోటీనియా అనే శిలీంధ్రం వల్ల. అది చల్లటి వాతావరణపు జబ్బు, పువ్వు మీద మొదలవుతుంది. మన కర్నూలు తల కుళ్లు రైజోపస్ అనే వేరే శిలీంధ్రం వల్ల. పురుగు తొలిచిన చోట, పక్షి పొడిచిన చోట, వానకు తడిసిన తలలో అది దిగుతుంది. తెలుగులో రెండింటికీ ఒకే పేరు, అంతే" అన్నారు.

ఆ ఒక్క మాట మా కేసు మొత్తాన్ని తిప్పేసింది. ఇలాంటి కంపెనీలో డబ్బు పెట్టేవాళ్లు ముందుగా అడగాల్సింది ఇదే అని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను: ఆ తెగులు పువ్వు గుండా వస్తుందా? మా అనంతపురం దానిమ్మ రైతును కుంగదీసేది బ్యాక్టీరియా మచ్చ తెగులు. అది వాన చినుకులతో ఆకు నుంచి ఆకుకు, కాయ నుంచి కాయకు చిందుతుంది. దానికి తేనెటీగ ఎంత పొడి మోసినా లాభం లేదు. వాళ్ల రెండో పంటగా దానిమ్మ ఉంది, దాన్ని అక్కడికక్కడే కొట్టేయించాం.

పువ్వు మీదుగా రోగం ప్రయాణం చేస్తుందన్న మాట మా జిల్లాకు కొత్త కాదు. 2000లో శనక్కాయకు కాండం కుళ్లు వైరస్ తెగులు వచ్చి అనంతపురంలో సుమారు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి, నష్టం 300 కోట్లు దాటిందని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. వయ్యారిభామ అనే కలుపు మొక్క పుప్పొడిలో ఉన్న వైరస్, తామర పురుగుల వల్ల శనక్కాయ చెట్టుకు చేరింది. ఆ ఏడాది చేలు చూసినవాణ్ని. ఈ కుర్రాళ్ల ఆలోచన అదే దారిని మంచికి వాడుకోవాలని, అందుకే నా మనసు దాన్ని పూర్తిగా వదల్లేదు.

దిగుబడి ఎవరి పుణ్యం?

వాళ్ల దగ్గర సొంత ఫలితాలు కూడా ఉన్నాయి. పెట్టెలు, పొడి పెట్టిన చేలో దిగుబడి పెరిగింది. ఏమీ పెట్టని చేలో పెరగలేదు. ఫొటోలు, రైతుల వీడియోలు చూపించారు.

చిక్కు ఎక్కడుందంటే పొద్దుతిరుగుడుకు తేనెటీగే సగం ఎరువు. పొడి లేకపోయినా పెట్టెలు పెడితే గింజ నిండుతుంది, తాలు తగ్గుతుంది. అంటే వాళ్ల పోలికలో పొడి పనితనం ఎంత, ఈగ పనితనం ఎంత అన్నది తేలదు. మేం డబ్బు పెట్టేది పొడి చేర్చే కంపెనీలోనా, పెట్టెలు అద్దెకిచ్చే కంపెనీలోనా? రెండూ మంచి పనులే, కానీ రెండింటి విలువ ఒకటి కాదు.

అందుకే 40 లక్షల మాట పక్కన పెట్టి, రబీ పూతలో చిన్న పరీక్ష చేయమన్నాం. తేనెటీగ రెండు మూడు కిలోమీటర్లు ఎగురుతుంది కాబట్టి ఒకే చేలో గీత గీసి ఇటు పొడి, అటు పొడి లేదు అంటే కుదరదు. కోడుమూరు దగ్గర నాలుగు కిలోమీటర్ల పైగా దూరం ఉన్న రెండు చేలు తీసుకున్నాం. ఒకదాంట్లో పెట్టెలు మాత్రమే, రెండోదాంట్లో పెట్టెలతో పాటు పొడి. రెండింట్లోనూ కొన్ని మొగ్గలకు విచ్చకముందే దోమతెర గుడ్డ సంచులు కట్టించాం, ఈగ ముట్టని తలలు ఎలా ఉంటాయో చూడ్డానికి. ఆ ఏడాది వానలు లేవు, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో చాలా మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. బోరు కింద వేసిన చేలే ఉన్నాయి.

జనవరిలో ఒక పొద్దున ఏడున్నరకు నేను ఆ చేలో ఉన్నాను. రాత్రి మంచుకు ట్రేలో పొడి ఉండలు కట్టింది. పనిచేసే కుర్రాడు పాత పొడి దులిపేసి, కొత్తది పోసి, పక్షి ఈకతో సమంగా పరిచాడు. ఎండ తగిలాక మొదటి ఈగ వచ్చింది. పొడి అంచు దగ్గర ఆగి, ముందు కాళ్లతో మీసాలు తుడుచుకుని, తర్వాత ఒక్క ఉరుకున దాటేసింది. వెనకొచ్చినవి నడుచుకుంటూ పోయాయి, కడుపు కింద నూగంతా తెల్లబడింది. కాసేపటికి లోపలి నుంచి రెండు కూలి ఈగలు వచ్చి, పొడి ఉండను చెత్త నెట్టినట్టు బయటికి నెట్టడం మొదలుపెట్టాయి. మంచు పడినన్నాళ్లూ ప్రతి పొద్దునా మనిషి రావాల్సిందే అని అక్కడ నిలబడ్డాకే అర్థమైంది.

సంచి కట్టిన తలల్లో ఎక్కువ తాలు. సంచి లేని తలలు రెండు చేలల్లోనూ నిండుగా ఉన్నాయి, వాటి మధ్య తేడా కనిపించలేదు. పొడి పువ్వుకు చేరిందా అంటే చేరింది. ఎమ్మెస్సీ అబ్బాయి పూరేకులు ప్లేట్లలో పెంచి చూస్తే, పెట్టెకు దగ్గరి పూల నుంచి పచ్చటి శిలీంధ్రం బాగా లేచింది, దూరం పోయేకొద్దీ తగ్గింది. తల కుళ్లు మాత్రం ఏ చేలోనూ దాదాపు లేదు. వానే లేని ఏడాది అది రాదు, అది రాకపోతే మందు పనితనం తేలదు.

లెక్క పుస్తకం

ఎకరాకు ఒక పూతకు వాళ్లు తీసుకునేది 3,000 రూపాయలు. పొడికి 350, రెండు పెట్టెల అద్దె తేనెరైతుకు 1,000, రాత్రిపూట టెంపోలో పెట్టెలు మార్చడానికి 450. మిగిలేది 1,200 అని చూపించారు. పొడి మార్చే కుర్రాడి కూలి ఎక్కడ అంటే ఆఫీసు ఖర్చుల్లో ఉంది. రోజుకు 500, పూతకు 25 రోజులు, ఒక మనిషి చూసేది 15 ఎకరాలు. అంటే ఎకరాకు 833. దాన్ని సరైన చోట పెడితే మిగిలేది 367 రూపాయలు.

వాళ్లు మోసం చేశారని నేను అనను. మనిషిని నెల జీతానికి పెట్టుకున్నారు కాబట్టి ఆఫీసు ఖర్చు అనుకున్నారు, అంతే. కానీ ఎకరాలు పెరిగితే మనుషులూ పెరుగుతారు, అది ఎప్పటికీ ఎకరా ఖర్చే. ఇలాంటి కంపెనీ పుస్తకంలో ముందు వెతకాల్సిన గీత ఇది.

ఇక పూతల లెక్క. అప్పటికి బ్యాంకులో 9.6 లక్షలు, నెల ఖర్చు 1.6 లక్షలు. "ఆరు నెలలకు సరిపోతుంది సార్, మీ 40 లక్షలు కలిస్తే 31 నెలలు" అన్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి 31 నెలలంటే 31 అవకాశాలు. ఇక్కడ అవకాశం పూత వచ్చినప్పుడే. నేను తెల్లకాగితం మీద 2026 మే వరకు గీత గీసి పూతలు గుర్తు పెట్టాను. డబ్బులొచ్చే రబీ పూతలు మూడు, జనవరుల్లో. తల కుళ్లు వచ్చే ఖరీఫ్ పూతలు రెండు, సెప్టెంబర్లలో. పొడిని పూత మీద వాడి అమ్ముకోవడానికి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ అడగాలంటే సీజన్లు మార్చి, చోట్లు మార్చి చేసిన క్షేత్ర పరీక్షల ఫలితాలు కావాలి. అంటే ఆ రెండు ఖరీఫ్ పూతలూ పరీక్షలకే పోతాయి. పొడి మీద ఒక్క రూపాయి రాకముందే 40 లక్షలూ అయిపోతాయి.

ఆ కాగితం చూసి ఇంజినీరు అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సార్, మేం నెలల్లోనే ఆలోచించాం" అన్నాడు.

ప్యాకెట్ వెనక

అంగడి అన్న ఒకరోజు పొడి ప్యాకెట్ తిప్పి చూశాడు. "బాబూ, దీని మీద విత్తనశుద్ధి అని ఉంది. పూత మీద వాడమని యాడుంది?"

"అన్నా, మేం చల్లడం లేదు కదా, ఈగలు తీసుకుపోతాయి."

"తీసుకుపోయేది ఈగే గానీ ట్రేలో పోసింది మనం. ఇన్‌స్పెక్టర్ అడిగితే జవాబు మనం చెప్పాల."

ఆయన చెప్పింది సరైన మాట. 1968 నాటి పురుగుమందుల చట్టం జీవ శిలీంధ్రనాశినులకూ వర్తిస్తుంది. ఏ పంటకు, ఏ తెగులుకు, ఎంత, ఎలా అన్నదంతా లేబుల్‌లో ఉండాలి. కుర్రాళ్ల ఇన్‌వాయిస్‌లలో పెట్టెల అద్దె అని మాత్రమే ఉంది, పొడి ఉచితంగా ఇచ్చినట్టు. కావాలని దాచింది కాదు గానీ, రేపు ఎవరైనా అడిగితే దాచినట్టే కనిపిస్తుంది. లేబుల్ వచ్చేదాకా డబ్బులు తీసుకునే చేలల్లో పొడి వాడొద్దని, పరీక్ష చేలల్లో మాత్రమే వాడాలని రాతపూర్వకంగా అడిగాం. ఆ రోజే ఒప్పుకున్నారు. నాకు ఆ కుర్రాళ్ల మీద గురి కుదిరింది ఆ పొద్దే.

మేం పెట్టింది

40 కాదు, 24 లక్షలు, రెండు విడతలుగా. మొదటి విడత మనిషికి 3 లక్షల చొప్పున 12 లక్షలు, 2023 డిసెంబర్‌లో. కన్వర్టిబుల్ నోట్ (తర్వాత షేర్లుగా మారే అప్పు పత్రం) అడిగారు గానీ దానికి ఒక్కొక్కరు కనీసం 25 లక్షలు పెట్టాలి. అందుకే తప్పనిసరిగా ఈక్విటీగా, అంటే మామూలు షేర్లుగా, మారే ప్రిఫరెన్స్ షేర్లు తీసుకున్నాం. ధర తేల్చడం తర్వాతి రౌండ్‌కు వదిలాం. ప్రైవేట్ ప్లేస్‌మెంట్ (ఇలా కొద్దిమందికే షేర్లు అమ్మడం) డబ్బు విడి ఖాతాలో పడాలి, షేర్లు కేటాయించిన 15 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్‌కు రిటర్న్ వేయాలి, అది వేసేదాకా ఆ డబ్బు ముట్టకూడదు. కుర్రాళ్లకు ఇది తెలియదు, పూత మొదలవుతోంది డబ్బు తీస్తాం అన్నారు. మూడు రోజులు ఆపి, రిటర్న్ వేయించాక తీయించాను. అప్పట్లో ఏంజెల్ ట్యాక్స్ (అసలు విలువకంటే ఎక్కువ ధరకు షేర్లు అమ్మితే కంపెనీ మీద పడే పన్ను) టెన్షన్ కూడా ఉండేది, స్టార్టప్ గుర్తింపుతో దాన్ని దాటాం. 2024 జూలై బడ్జెట్‌లో ఆ పన్నే తీసేశారు.

వాళ్ల జీతాలు 30 వేల నుంచి 20 వేలకు తగ్గించుకున్నారు, ల్యాబ్ ఇంకొకరితో పంచుకున్నారు. నెల ఖర్చు 1.2 లక్షలకు దిగింది. రెండో విడత 12 లక్షలకు షరతు ఒకటే: వానాకాలం పూతలో, తెగుళ్ల శాస్త్రవేత్త రాసిచ్చిన పద్ధతిలో పరీక్ష మొదలుకావాలి. 2024 జూలైలో కౌలు చేలో విత్తనం పడగానే ఆ డబ్బు ఇచ్చాం.

రెండు పూతల్లో తెలిసింది

2024 సెప్టెంబర్‌లో వాన పడింది, తల కుళ్లు వచ్చింది. కానీ వాన పడే రోజు తేనెటీగ గడప దాటదు. రోగం దిగే రోజులు, ఈగ ఇంట్లో ఉండే రోజులు ఒకటే. వానకు ముందు చేరిన పొడి కొంత కాపాడినట్టే అనిపించింది గానీ, తేడా మేం ఆశించినంత లేదు. కుళ్లిన తలలు కోసి చూస్తే చాలావాటిలో శనగపచ్చ పురుగు తొలిచిన రంధ్రం దగ్గరే కుళ్లు మొదలైంది. శాస్త్రవేత్త ముందే చెప్పింది అదే, మా కళ్లతో చూశాక గానీ దాని బరువు తెలియలేదు.

దాంతో ఆలోచన మారింది. తల కుళ్లుకు దారి తీసేది పురుగైతే, ఆ పురుగునే పువ్వు మీద పట్టుకోవాలి. 1994లో అమెరికాలో తేనెటీగలతో క్లోవర్ పూలకు ఇలాంటి పచ్చపురుగు మీద పనిచేసే వైరస్ పొడి చేర్చి చూశారు. పచ్చపురుగుకు వాడే ఎన్‌పీవీ అనే వైరస్ మందు మన దేశంలో స్ప్రే మందుగా రైతులకు తెలిసినదే. ఇప్పుడు వాళ్ల పరీక్ష దాని మీద.

2025 జనవరిలో డబ్బులొచ్చే పని అనంతపురం వైపు కళింగర (పుచ్చకాయ) చేలల్లో చేశారు, పెట్టెల అద్దె మాత్రమే, పొడి లేకుండా. కర్నూలు, అనంతపురంలో పొద్దుతిరుగుడు విస్తీర్ణం ఏళ్లుగా తగ్గుతూ వస్తోంది. కళింగర రైతు మాత్రం ఈగ లేకపోతే కాయ వంకర పోతుందని తెలిసినవాడు, అద్దెకు బేరమాడడు. ఆ పూత బాగా నడుస్తుండగా ఒక పొద్దున ఫోన్ వచ్చింది. పక్కన మిరప చేలో ఎవరో తెల్లవారాక పురుగుమందు కొట్టారు. నేను పోయేసరికి పెట్టెల ముందు నేలంతా ఈగలు, నాలుకలు బయటికి సాచి, గిరగిరా తిరుగుతూ చచ్చిపోతున్నాయి. 24 పెట్టెల్లో 11 పోయాయి. పెట్టెకు 4,500 చొప్పున 49,500 తేనెరైతుకు కంపెనీ కట్టింది. ఆ మిరప రైతు ఏ తప్పూ చేయలేదు, ఈగలున్నాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మేం పెట్టుబడి పత్రాల్లో ఎన్నో షరతులు రాశాం గానీ, చుట్టుపక్కల చేలవాళ్లకు చెప్పాలన్నది ఒక్కరికీ తట్టలేదు. అది నా తప్పు కూడా. ఇప్పుడు పెట్టెలు దించే ముందు చుట్టుపక్కల రైతులందరినీ కలిసి, మందు పొద్దు గూకినాక కొట్టమని అడిగి, ఫోన్ నంబర్లు రాసుకుంటున్నారు. అంగడి అన్న తన కౌంటర్ దగ్గర కూడా అదే చెబుతున్నాడు.

నేనిది రాస్తున్నది 2025 ఆగస్టులో. బ్యాంకులో ఉన్న డబ్బు రెండు పూతలకు వస్తుంది, ఈ సెప్టెంబర్, వచ్చే జనవరి. పోయిన వారం కౌలు చేనుకు వెళ్తే మొగ్గలు ఇంకా విచ్చలేదు, కుర్రాళ్లు సంచులు కడుతున్నారు. పెద్దాయన కూడా వచ్చారు, ఇంకో 12 లక్షలు పెడదామా అని గట్టు మీద అడిగారు. తలలు కోసి, రంధ్రాలు లెక్కపెట్టాక చెబుతానన్నాను.